దుప్పటి చాటు

హెప్సిబా డ్యూటీలో ఉందో లేదో కనుక్కుని గానీ ఆ మండలంలో చాలామంది ఆడవాళ్లు దవాఖాన మెట్లు ఎక్కరు. ఆమె లేదంటే, నొప్పి మరీ ఓర్చుకోలేనిది కాకపోతే, రేపు వస్తామని మళ్లిపోతారు. ఆమె చెయ్యి తేలిక అన్నది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. ఆడమనిషి ఒంటి మీది గుడ్డను ఆమె ఎంత జరపాలో అంతే జరుపుతుంది. ఆ మాత్రం జరిపేటప్పుడు కూడా తన ఒళ్లు అడ్డం పెట్టి నిలబడుతుంది. నడుముకు సూది వేయవలసి వస్తే చుట్టూ ఉన్న మగవాళ్లకు ఏదో ఒక పని చెప్పి బయటికి తోలుతుంది. ఆ గుణం ఆమెకు నర్సింగు చదువులో అబ్బింది కాదు, చిన్నప్పుడే ఒంటబట్టింది.

ఆమెది గద్వాల పక్కన నడిగడ్డలో ఒక పల్లె. అమ్మానాన్నలు కూలికి పుణె పోయినప్పుడు పసిపిల్లను వెంట తీసుకుపోయారు. కట్టే మేడలకు అంతస్తులు లేచేవి గాని, కట్టేవాళ్లు నీళ్లు పోసుకోవడానికి నాలుగు రేకులు ఉండేవి కావు. పొద్దు గూకే ముందు ఆడవాళ్లంతా ఇసుక కుప్ప వెనక చేరేవారు. ఒకరు స్నానం చేస్తుంటే ఇద్దరు పాత చీరను చెరో కొసన పట్టుకుని నిలబడేవారు. వాళ్లమ్మ కృపమ్మ వంతు వచ్చినప్పుడు ఒక కొస హెప్సిబా పట్టుకునేది. పొట్టి పిల్ల, చేతులు పైకెత్తినా చీర భుజాల దాకానే వచ్చేది. అటుగా పోయే లారీవాళ్లు కేక వేస్తే కృపమ్మ చెంబు పక్కన పడేసి కూలబడిపోయేది. ఆ కూలబడడం హెప్సిబా మరిచిపోలేదు. తరవాత ఆమెను అవ్వ దగ్గరికి పంపారు. హాస్టల్లో ఉండి బడి చదువు ముగించింది, చర్చి పెద్దలు చెబితే వనపర్తిలో నర్సింగు చదివింది, తిరిగి తిరిగి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఈ చిన్న దవాఖానకు వచ్చి పడింది. దవాఖాన పేరు మనకు అక్కర్లేదు. ఆమె తప్పు ఆమెదే తప్ప ఆ గోడలది కాదు.

అక్కడ ఇంజెక్షన్ల గదిలోనే ఒక మూల ఈసీజీ బల్ల. ఓపీ వరుస ఆ గది వాకిలి ముందు నుంచే పోతుంది. తలుపు గడియ ఎప్పుడో ఊడింది. బల్ల చుట్టూ ఉండవలసిన ఆకుపచ్చ తెరను ఏదో క్యాంపు కోసం తీసుకుపోయినవాళ్లు తిరిగి తేలేదు. గుండె గీతలు తీయాలంటే రెండు చేతులకూ రెండు కాళ్లకూ నాలుగు క్లిప్పులు పెట్టాలి. ఛాతీ మీద, నడి ఎముక పక్క నుంచి ఎడమ చంక కింది దాకా, ఆరు రబ్బరు బల్బులు అంటించాలి. అంటే రవిక విప్పాలి. అంత వాకిలికి ఎదురుగా ఏ ఆడమనిషి విప్పుతుంది?

హెప్సిబా ఒక ఉపాయం పట్టింది. హుక్కులు తీయించేది కాదు. పై బల్బులు రవిక మెడ దగ్గర, కింది బల్బులు రవిక అంచు కింద నుంచి దోపి పెట్టేది. చోటు ఒకటి రెండు పక్కటెముకలు అటూ ఇటూ అయ్యేది, గీతలు కొంచెం వంకర పోయేవి. గుండె వరుసగా కొట్టుకుంటోందా లేదా చూసుకోవడానికి అది చాలేది. మిగతా నర్సులూ అదే నేర్చుకున్నారు. "విప్పొద్దులే పెద్దమ్మా" అని ఆమె అనే మాటకు ఎంతమంది ముసలమ్మల ముఖాలు విచ్చుకున్నాయో లెక్క లేదు.

ఆ ఉపాయం ఒకసారి ఆమెనే నవ్వులపాలు చేసింది. వానకాలంలో ఒక టీచరమ్మ ఆయాసమని వచ్చింది. గీతలు చూస్తే ఛాతీ వరుసలో తేడా. హెప్సిబా వెంటనే డాక్టర్ జగదీశ్‌కు చూపించింది. ఆయన 108 పిలిపించి మహబూబ్‌నగర్ పంపాడు. అక్కడ బల్బులు సరైన చోట పెట్టి తీస్తే గీతలు నున్నగా, తీర్చినట్టు వచ్చాయి. ఏమీ లేదన్నారు. టీచరమ్మ మొగుడు వచ్చి అందరి ముందూ గొడవ చేశాడు. డాక్టరు పెద్దగా ఏమీ అనలేదు, ఈసారి నన్ను భయపెట్టే ముందు ఇంకోసారి తీసి చూడమన్నాడు అంతే. హెడ్ నర్సు అలివేలమ్మ మాత్రం ఊరుకోలేదు. పొద్దున హెప్సిబా గడపలో అడుగు పెట్టగానే, "నూటెనిమిది సిస్టరొచ్చింది, డ్రైవర్‌ను బండి తియ్యమనున్రి" అనేది. ఊడ్చే ఆమె కూడా నవ్వేది. హెప్సిబా కూడా నవ్వేది గాని, ఏ కాగితమైనా డాక్టరు దగ్గరికి తీసుకుపోయే ముందు అలివేలమ్మ ఎక్కడుందో చూసుకునేది.

తిమ్మమ్మ వచ్చింది యాసంగి పల్లికాయ పీకే రోజుల్లో. తెలకపల్లి దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు, మెట్ట భూములు. చేనులో వంగి పీకుతుంటే దవడ లాగిందట, వీపులో బరువు పెట్టినట్టైందట, తిన్నది పులిసిందేమోనని సోడా తాగిందట. కోడలు ఉమ ఊరుకోక, చేనుగట్టున ఉన్న బాలన్న మోటరు సైకిలు మీద ఎక్కించుకుని దవాఖానకు తెచ్చింది. ముగ్గురూ ఒకే బండి మీద వచ్చారు, నడుమ ఉమ కూర్చుంది. బాలన్న తిమ్మమ్మ మొగుడికి అన్న, ఆమెకు వరసకు బావ. ఇన్నేళ్ల కాపురంలో ఆ బావ ముందు కొంగు తల మీద లేకుండా తిమ్మమ్మ నిలబడలేదు, ఆయన కూర్చున్న చోట కూర్చోలేదు.

డాక్టరు ఓపీలో ఉన్నాడు. ఈసీజీ తీసుకురమ్మన్నాడు. తిమ్మమ్మ బల్ల ఎక్కింది. చెమటకు రవిక వీపుకు అంటుకుపోయి ఉంది. బాలన్న కంగారులో వాకిట్లోనే నిలబడ్డాడు. తిమ్మమ్మ కొంగు లాక్కుని రవిక హుక్కుల మీద అరచెయ్యి గట్టిగా ఆనించుకుంది.

"బావ ఉన్నడు బిడ్డా," అంది గొంతు తగ్గించి.

అప్పుడు హెప్సిబా చేయవలసిన పని చాలా చిన్నది. పెద్దాయనా, జర అవతలికి పొండి అనాలి. ఉమనూ వరుసలో ఉన్న ఇంకో ఆడమనిషినీ పిలిచి, అలమరలో ఉన్న దుప్పటి చేతికిచ్చి చెరో కొస పట్టుకోమనాలి. తన చిన్నతనమంతా చూసిన పనే. ఆమెకు అది తోచనే లేదు. బయట వరుస పెద్దది, ఇద్దరు పసిపిల్లలు సూదులకు ఏడుస్తున్నారు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"విప్పొద్దులే పెద్దమ్మా."

తిమ్మమ్మ ముఖం విచ్చుకుంది. నొప్పిలో కూడా చిన్నగా నవ్వింది.

కాగితం బయటికి వచ్చింది. ఛాతీ వరుసలో గీత కిందికి దిగవలసిన చోట దిగకుండా గోపురంలా ఉబ్బి ఉంది. హెప్సిబా చూసింది. చూడగానే మనసులో మెదిలింది గుండెపోటు కాదు, అలివేలమ్మ నవ్వు. బల్బులు తప్పు చోట ఉన్నాయి, గీత ఉబ్బకేం చేస్తుంది అనుకుంది. కాగితాన్ని నలిపి బుట్టలో వేసింది. బయట బెంచీ మీద కూర్చో పెద్దమ్మా, వరుస పలచబడ్డాక సరిగ్గా ఇంకోసారి తీస్తాను అని చెప్పింది. గ్యాసు మాత్ర ఒకటి చేతిలో పెట్టింది. డాక్టరుకు చెప్పలేదు.

ఆ కాగితంలో ఇంకో వరుస ఉంది. చేతులకూ కాళ్లకూ పెట్టిన క్లిప్పుల గీతలు అవి. ఆ గీతలు కిందికి కుంగిపోయి ఉన్నాయి. చేతి మణికట్టుకూ కాలి చీలమండకూ పెట్టిన క్లిప్పులకు రవికతో ఏం సంబంధం? అవి సరిగ్గానే ఉన్నాయి, చెప్పవలసింది సరిగ్గానే చెప్పాయి. హెప్సిబా కళ్లు వాటి మీద ఆనాయి కూడా. చూసిందన్న సంగతి ఆమెకు తరవాత రోజూ గుర్తుకు వచ్చింది. చూడలేదని చెప్పుకోవడానికి లేకుండా పోయింది.

తిమ్మమ్మ బెంచీ మీద బుద్ధిగా కూర్చుంది. బావ అదే బెంచీ కొసన కూర్చుంటే లేచి గోడకు ఆనుకుని నిలబడింది. ఆ నిలబడడం కూడా హెప్సిబా వాకిట్లోంచి చూసింది, కూర్చోమని చెప్పాలనుకుంది, ఎవరో సూది చీటీ చాపితే అటు తిరిగింది. వరుస సగం కరిగేసరికి ఉమ కేక వినబడింది. తిమ్మమ్మ గోడ వెంట జారి నేల మీద కూర్చుంది, పెదవులు తెల్లబడ్డాయి.

ఆ తరవాత హెప్సిబా చేసినవన్నీ సరైన పనులే. బల్ల మీద పడుకోబెట్టింది. బాలన్నను బయటికి పంపింది. అలమరలోంచి దుప్పటి తీసి ఉమకు ఒక కొస, బాలింత ఒకామెకు ఒక కొస ఇచ్చింది. హుక్కులు తనే విప్పింది. ఈసారి ఆరు బల్బులు ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది. గీత ఇంకా పైకి ఉబ్బి వచ్చింది. డాక్టరును పిలిచింది, మాత్రలు నమిలించింది, ఆక్సిజన్ పెట్టింది, చేతికి సూదిగొట్టం ఎక్కించింది. జగదీశ్ గీతలను ఫోనులో పెద్దాసుపత్రికి పంపి, వాళ్లు సరేననగానే రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ వేయించాడు. 108 వచ్చేసరికి తిమ్మమ్మ పెదవులకు రంగు తిరిగింది. ఇదంతా దుప్పటి చాటున, ఒక ఆడమనిషి మానం పోకుండా జరిగింది. ఎంత సులువైన పనో హెప్సిబాకు అప్పుడు కనబడింది.

బండి కదిలే ముందు డాక్టరు అడిగాడు, వచ్చి ఇంతసేపైతే ఈసీజీ ఇప్పుడా తీసేది అని. హెప్సిబా నోరు తెరిచింది. "పేషెంటు రైక విప్పనియ్యలే సార్, ఫస్టు సరిగ రాలే" అంది.

అందులో అబద్ధం ఎక్కడుందని ఎవరైనా అడిగితే చూపించడం కష్టం. తిమ్మమ్మ చెయ్యి హుక్కుల మీద ఉన్న మాట నిజం. మొదటిది సరిగ్గా రాలేదన్న మాటా నిజమే. కాని విప్పమని ఎవరూ అడగలేదు. డాక్టరు తల ఊపి, అదే మాట బాలన్నకు చెప్పాడు. మీ మనిషి సిగ్గు పడి ఆలస్యం చేసుకుంది, ఇంకొంచెం ముందైతే గుండెకు ఇంత దెబ్బ తగిలేది కాదు అన్నాడు. బాలన్న తల దించుకున్నాడు. బావ కంటపడకూడదని మరదలు చేసిన పని అన్నది ఆయనకు అర్థమై ఉంటుంది. ఆ రోజు నుంచి ఆయన తిమ్మమ్మ ఇంటి గడప తొక్కడం తగ్గించాడు.

తిమ్మమ్మ బతికి వచ్చింది. గుండె పంపింగు మాత్రం తగ్గింది. బరువు ఎత్తవద్దన్నారు, వంగి పని చేయవద్దన్నారు. పొలం మనిషి ఇంటి అరుగు మనిషి అయింది. నెలనెలా మాత్రల కోసం వచ్చినప్పుడల్లా హెప్సిబాను వెతుక్కుంటూ వచ్చేది. ఉడకబెట్టిన పల్లికాయో, చేనుగట్టు సీతాఫలమో, ఏది ఉంటే అది కవరులో తెచ్చి చేతిలో పెట్టేది. కనబడినవాళ్లందరికీ చెప్పేది, నన్ను బతికించింది ఈ బిడ్డనే అని. హెప్సిబా ఆ కవరు ఇంటికి తీసుకుపోయేది కాదు. దవాఖానలోనే పంచేసేది. ఒకసారి ఒక్క పల్లికాయ నోట్లో వేసుకుని, మింగలేక బయటికి పోయి ఉమ్మేసింది.

ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు దేవుడికి చెప్పేసింది. క్షమించమని అడిగింది. లేచి వచ్చేటప్పుడు ఆమెకు తేలిక కాలేదు. దేవుడి గుండెకు ఏమీ కాలేదు కదా, తిమ్మమ్మ గుండెకు కదా అయింది. చెబితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుందేమో. గొడవ అవుతుందేమో. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. తిమ్మమ్మ ఇక బిడ్డా అని పిలవదేమో.

ఇట్లా మెల్లగా వానకాలం దాటింది. ఒక నెల మాత్రలిచ్చే రోజు ఇంజెక్షన్ల గది ముందు ఆడవాళ్ల వరుస నిండుగా ఉంది. బల్ల మీద ఒక పిల్ల, కొత్తగా పెళ్లైనట్టుంది, గుండె దడ అని వచ్చింది. ఇప్పుడు బల్లకు కొత్త తెర ఉంది, హెప్సిబానే డబ్బా తిప్పి చందా ఎత్తి కుట్టించింది. అయినా ఆ పిల్ల హుక్కుల మీద చేతులు తీయడం లేదు. వరుసలోంచి ఉమ గొంతు వినబడింది.

"మా అత్త కత చెప్పాలె ఆ పిల్లకు. బావ సూస్తడని సిగ్గువడ్డది, గుండె సగం పోగొట్టుకున్నది. మొన్న సోమశిలల నదికాడికి దిగింది గని మెట్లెక్కలేక నడుమ కూలవడ్డది. ఇద్దరం పట్టుకొని ఎత్తినం. రైక కాపాడుకున్నది మాయత్త."

ఆడవాళ్లు నవ్వారు. ఉమ చెడ్డ మనిషి కాదు. పొద్దున్నుంచి పొద్దు గూకేదాకా అత్త పని కూడా తనే చేస్తోంది, ఆ అలసట మాటల్లో దెప్పుగా వస్తుంది. అందరికంటే ముందు నవ్వింది తిమ్మమ్మే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వి, తెర పక్కకు జరిపి లోపలికి తల పెట్టింది.

"ఇప్పు బిడ్డా, నా లెక్క జేసుకోకు," అంది ఆ పిల్లతో. "ఈ సిస్టరమ్మ అప్పుడు ఎంతగనం బతిమిలాడిందో నన్ను. నేనే ఇనకపోతి. నా పాపం నాదే."

హెప్సిబా చేతిలో రబ్బరు బల్బు ఉంది. దాన్ని ఆమె ట్రేలో పెట్టేసింది. బతిమిలాడింది అన్న మాట ఆమెను పట్టుకుంది. తిమ్మమ్మ అబద్ధమాడడం లేదు. పదిమంది పదిసార్లు చెప్పగా చెప్పగా, జరగని బతిమిలాట ఆమెకు నిజంగానే గుర్తున్నట్టు అయిపోయింది. తన నోటి నుంచి వచ్చిన ఒక్క మాట పోయి పోయి ఆ మనిషి జ్ఞాపకాన్నే మార్చేసింది.

"నేను నిన్ను విప్పమననే లేదు పెద్దమ్మా," అంది.

తిమ్మమ్మ అర్థం కాక చూసింది. వరుసలో నవ్వులు ఇంకా ఆగలేదు. హెప్సిబా తెర పూర్తిగా పక్కకు తోసి, ఉమకు కూడా వినబడేటట్టు చెప్పింది. విప్పొద్దని తనే అన్నదని చెప్పింది. మొదటిసారి తీసిన కాగితంలోనే గుండెపోటు కనబడిందని, చూసి కూడా నలిపి పారేసిందని, డాక్టరుకు చెప్పకుండా బయట కూర్చోబెట్టిందని చెప్పింది. రైక విప్పనియ్యలేదని డాక్టరుకు చెప్పింది కూడా తనే అంది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. వాకిట్లో అలివేలమ్మ మందుల ట్రేతో వచ్చి నిలబడింది, ఆమె కూడా వింది.

ముందు మాట్లాడింది ఉమ.

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే సిస్టర్?"

"భయమైంది."

"మీకు భయమైతె మాయత్త మాటలు పడాల్నా?" అంది ఉమ. ఆ మాటలు అన్నది తనేనని అంతలోనే గుర్తుకు వచ్చినట్టుంది, ముఖం అటు తిప్పుకుంది.

తిమ్మమ్మ తెర అంచును వేళ్లతో మడుస్తూ విప్పుతూ నిలబడింది. చివరికి అడిగింది. "గట్లైతె... నేను సిగ్గువడి చేసుకున్నది కాదా ఇది?"

"కాదు పెద్దమ్మా."

"మా బావ నిలవడ్డందుకు కూడా కాదు?"

"కాదు."

ఆమె కోడలి వైపు తిరిగింది. "ఇన్నవా పిల్లా? పొయ్యి మీ పెదమామకు చెప్పు. ఆయన తప్పు గూడ కాదని చెప్పు," అంది. అంతే అంది. ట్రే పక్కన హెప్సిబా కోసం పెట్టిన పల్లికాయ కవరు ఉంది. తిమ్మమ్మ దాన్ని తీసుకుని, వరుసలో ఉన్నవాళ్లకు పిడికెడు పిడికెడు పెట్టుకుంటూ బయటికి నడిచింది. మధ్యలో ఒకచోట ఆగి ఆయాసం తీర్చుకుంది. ఎవరూ నవ్వలేదు.

జగదీశ్‌కు ఆ మాట అలివేలమ్మ చేరవేసేలోపే హెప్సిబా పోయి చెప్పింది. నువ్వు చెప్పిన మాట నేను అడక్కుండా నమ్మాను, ఆ ముసలాయనకు నా నోటితోనే చెప్పాను అన్నాడట. మెమో ఇచ్చాడు. పైవాళ్లకు రాశాడు. బాలన్నకు తనే ఫోను చేసి మాట్లాడాడు. ఉద్యోగం ఏమవుతుందో ఇంకా తేలలేదు, కాంట్రాక్టు రెన్యువల్ దాకా ఎవరూ చెప్పలేరు. అలివేలమ్మ మాత్రం ఆ రోజు నుంచి నూటెనిమిది అన్న మాట ఎత్తలేదు. ఒకసారి టీ తాగుతూ, నా నోరు కూడా ఉందిలే అందులో అని గ్లాసులోకి చూస్తూ అంది.

తరవాతి నెల తిమ్మమ్మ వస్తుందో రాదో అనుకుంది. నాగర్‌కర్నూల్ పోయి మాత్రలు తెచ్చుకున్నా తెచ్చుకోవచ్చు. వచ్చింది. ఈసారి బాలన్న మోటరు సైకిలు మీద వచ్చింది. ఆయన గేటు దగ్గర వేపచెట్టు నీడన బండి ఆపి, అటు తిరిగి నిలబడ్డాడు. తిమ్మమ్మ చేతిలో కవరు లేదు. డాక్టరు ఈసీజీ రాశాడు. ఆమె లోపలికి వచ్చి, తెర తనే లాక్కుని, బల్ల ఎక్కి, హుక్కులు తనే విప్పుకుంది. పైకప్పు వైపు చూస్తూ పడుకుంది.

"సక్కగ పెట్టు," అంది.

హెప్సిబా పక్కటెముకలు వేలితో లెక్క పెట్టుకుంటూ ఒక్కొక్కటే పెట్టింది. చల్లటి రబ్బరు తగిలినప్పుడల్లా తిమ్మమ్మ ఒళ్లు జలదరించింది, ముఖం మాత్రం తిప్పలేదు. కాగితం బయటికి వచ్చింది. హెప్సిబా ముందు చేతుల, కాళ్ల వరుస చూసింది. తరవాత ఛాతీ వరుస చూసింది. పాత దెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడ గీత చచ్చిపోయినట్టు పడుకుని ఉంది. కొత్తగా ఏమీ లేదు. ఆమె మళ్లీ మొదటి నుంచి చూసింది.

"సిస్టర్, ఇగ లేవొచ్చునా?" అంది తిమ్మమ్మ.

బిడ్డా అనలేదు.

"జర ఆగు పెద్దమ్మా, ఇంకోసారి చూస్త," అంది హెప్సిబా. తిమ్మమ్మ హుక్కుల మీదికి పోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ బల్ల మీద ఆనించింది.